వంటలక్కని మెచ్చే అత్తగారు, కోడలి కుండని వద్దంటున్నారు

ప్రశ్న: అక్కా, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పుట్టిల్లు ఆత్రేయపురం. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తున్నారు. ఇంట్లో నేను, అత్తయ్య గారు, మా ఐదేళ్ల పాప ఉంటాం. అత్తయ్య గారికి ‘కార్తీక దీపం’ సీరియల్ అంటే ప్రాణం. టీవీలో అయిపోయినా ఫోన్‌లో మళ్లీ మొదటి నుంచి చూస్తున్నారు. ఇరుగు పొరుగు ఆడవాళ్లు కూడా వచ్చి అరుగు మీద కూర్చుంటారు. నాకూ ఆ సీరియల్ ఇష్టమే. పిల్లలిద్దరి కథ, వంటలక్క దీప వంట చేసుకుని బతకడం చాలా నచ్చుతాయి. దీప మొగుడు డాక్టర్ బాబు అనుమానం, వాళ్లని విడదీయాలని మోనిత ఆడే నాటకాలు ఏళ్ల తరబడి సాగడం మాత్రం భరించలేను. అత్తయ్య గారికి అన్నిటికంటే దీప ఓర్పు నచ్చుతుంది. నేను దేనికైనా నోరు తెరిస్తే “దీప ఎన్నేళ్లు ఓర్చుకుందో చూశావా? నోరెత్తిందా?” అంటారు. పూతరేకులు తీయడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఇంటి దగ్గరే తీసి అమ్ముదామనుకుంటే “మనింటి కోడలు కుండ ముందు కూర్చుని రేకులమ్మితే నలుగురూ ఏమనుకుంటారు?” అని ఆపేశారు. ఆవిడ చెడ్డావిడ కాదక్కా. నాకు జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చుంటారు. నేను ఆ సీరియల్ చూడటం మానేయాలా? ఆవిడకి ఎలా చెప్పాలి?

సమాధానం: మానొద్దు చెల్లెమ్మా. అత్తాకోడళ్లు రోజూ ఒకే చోట కూర్చుని ఒకే కథకి కళ్లు తుడుచుకునే ఇల్లు మీది. ఆ కూర్చోవడం చెడగొట్టుకోవద్దు. మీరు అడగాలనుకున్న మాటకి దారి కూడా ఆ కథలోంచే ఉంది. అత్తయ్య గారు దీపని అడ్డం పెట్టి మిమ్మల్ని ఆపుతున్నారు కదా, ఆ దీపనే ఇంకొంచెం జాగ్రత్తగా చూపించండి చాలు.

ముందు ఆ “నోరెత్తిందా?” అన్న మాట సంగతి. ఎత్తింది. మొగుడు నిండు గర్భిణిని అనుమానించాడు. తనకి పిల్లలు పుట్టరన్న తప్పుడు రిపోర్టుని నమ్మి, ఆ బిడ్డ తనది కాదన్నాడు. దీప ఆ ఇంట్లో మూల కూర్చుని ఏడుస్తూ కాలం గడిపిందా? బయటికి వచ్చేసింది. వంట చేసి సంపాదించుకుంటూ కూతురు శౌర్యని పెంచింది. నన్ను నమ్మానని నువ్వు ఒప్పుకోవాలి, అప్పుడే వస్తానన్న పట్టుదల మీదే ఆ పాత్ర ఏళ్ల పాటు నిలబడింది. ఆమె ఓర్చుకున్న మాట నిజమే. అయితే తన కాళ్ల మీద తాను నిలబడి ఓర్చుకుంది. ఈ రెండోదాన్ని అత్తయ్య గారు చూడలేదని నేననుకోను. చూశారు, ఇష్టపడ్డారు. మీతో మాట్లాడేటప్పుడు మాత్రం మొదటి సగమే చెబుతున్నారు.

2017 అక్టోబరు 16న స్టార్ మాలో మొదలైనప్పుడు ఆ కథ మనవాళ్లకి అంతలా ఎందుకు పట్టిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. అది అచ్చంగా మన దగ్గర పుట్టిన కథ కూడా కాదు. మలయాళంలో ‘కరుత్తముత్తు’ పేరుతో వచ్చిన సీరియల్‌కి తెలుగు రూపం. అక్కడ నాయికగా వేసిన ప్రేమి విశ్వనాథే ఇక్కడ దీపగా వచ్చింది. అయినా మన లంకల్లో, మన కాలవ గట్ల మీద ఊళ్లలో ఆమెని పరాయి మనిషిగా ఎవరూ చూడలేదు. దీప నల్లటి పిల్ల. ఒంటి రంగు చూసి పెళ్లిచూపుల్లో పెదవి విరవడం, కట్నం ఇంకాస్త పెంచమనడం మన ఇళ్లలో జరగని సంగతా? నల్లగా పుట్టిన పిల్లకి నలుగు మీద నలుగు పెట్టి తోమిన తల్లులున్న జిల్లాలు మనవి. ఆ పిల్లలు పెద్దవాళ్లై, రాత్రి ఏడున్నరకి టీవీ ముందు కూర్చుని, తమలాంటి మనిషి కథకి నాయిక కావడం చూశారు. ఆ సీరియల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. అన్నిటికంటే బాధ పెట్టిందీ దాని పక్కనే ఉంది. నల్లటి పిల్ల కథ చెప్పడానికి నిజంగా నల్లగా ఉన్న నటిని తీసుకోకుండా, తెల్లటి అమ్మాయికి రంగు పూశారు. నటిగా ఆమె శ్రమ మీద నాకు గౌరవం ఉంది. ఆ అవకాశం మాత్రం ఒక నల్లటి అమ్మాయికి దక్కాల్సింది.

ఇక పిల్లలు. కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరు తల్లి దగ్గర, ఇంకొకరు తండ్రి దగ్గర. తామిద్దరూ అక్కచెల్లెళ్లమని తెలియకుండానే శౌర్య, హిమ స్నేహితులవుతారు. తన బిడ్డేనని తెలియక హిమకి దీప అన్నం పెడుతుంటుంది. మీరు రాసినట్టు ఆ భాగం ఎన్నిసార్లు చూసినా బావుంటుంది. అక్కడ కథ కదలడానికి ఎవరూ విషం కలపనక్కర్లేదు, తలుపు చాటున ఎవరూ నక్కనక్కర్లేదు. ఇద్దరు పిల్లలు డబ్బా విప్పుకుని తింటుంటే చాలు, చూసేవాళ్ల గుండె కొట్టుకుంటుంది. నాకు తెలిసిన ఆడవాళ్లలో ఆ సీరియల్‌లో ఏది బావుందని ఎవరినడిగినా మొదట పిల్లల మాటే వస్తుంది. ఏది బాలేదంటే అందరూ అనుమానం దగ్గరికే వస్తారు.

ఆ అనుమానం మీద మీకున్న విసుగు న్యాయమైనదే. కథ జరిగేది హైదరాబాద్‌లో. డీఎన్ఏ పరీక్షలకి దేశమంతటా పేరున్న సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఉన్నదీ ఆ ఊళ్లోనే, ఉప్పల్‌లో. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఆద్యుడైన లాల్జీ సింగ్ పనిచేసిందీ ఆ నగరంలోనే. తండ్రెవరో తేల్చడానికి కాసింత రక్తమో, బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన తడో సరిపోతుంది. పైగా మొగుడు డాక్టరు. సీరియల్ మొదలై మూడేళ్లు దాటినా అతనికి ఆ ఆలోచన రాలేదంటే చదువురాని మన పెద్దమ్మలకి కూడా ఒళ్లు మండింది. మనసు పడే బాధని చూపించడం వేరు, బుర్ర ఉన్న మనిషిని బుర్ర లేనట్టు నడిపించడం వేరు. మోనిత విషయమూ అంతే. ఆ పాత్ర వేసిన శోభా శెట్టి బాగా చేసింది, అందుకే జనం అంతగా తిట్టుకున్నారు. కానీ ఒక మనిషి చేసిన ప్రతి మోసం సరిగ్గా బయటపడే క్షణంలో ఫోన్ కిందపడిపోవడం, చెప్పబోయేవాడికి యాక్సిడెంట్ అవడం పదోసారి వచ్చేసరికి కోపం మోనిత మీద నుంచి రాసినవాళ్ల మీదికి మళ్లుతుంది.

మరి అంతలా ఎందుకు సాగదీస్తారు? ఇది మీ అత్తయ్య గారికి నిదానంగా చెప్పాల్సిన సంగతి. సీరియల్ వారానికి ఆరు రోజులు రావాలి. అరగంటలో ప్రకటనలు పోగా కథకి మిగిలేది ఇరవై నిమిషాలు, ఇంకొంచెం ఎక్కువ. అందులోనూ నిన్నటి ముక్క కొంత, రేపటి ప్రోమో కొంత. రోజూ చివర్లో ఒక మెలిక పెట్టి ఆపాలి. ఎంతమంది చూశారన్న లెక్క బార్క్ అనే సంస్థ నుంచి వారం వారం, గురువారం నాడు వస్తుంది. ఆ లెక్క బావుంటే ప్రకటనలకి రేటు పెరుగుతుంది. అలాంటప్పుడు నిజం చెప్పేసి కథ ముగించే ధైర్యం ఎవరికుంటుంది? దీప కష్టం తీరిపోతే దుకాణం కట్టేయాలి. అందుకే ఆమె కష్టాన్ని తీరనివ్వలేదు. ఇరవై నిమిషాల చొప్పున 1569 ఎపిసోడ్లంటే 520 గంటలు దాటుతుంది. నిజాయితీగా చెప్పుకుంటే ఆ కథ అందులో పదో వంతులో అయిపోతుంది. మిగిలిన ఓర్పంతా దీప చేత టీవీ పెట్టించిన ఓర్పు. ఏ ఇల్లాలూ దాన్ని కొలతగా పెట్టుకోకూడదు, ఏ కోడలికీ చూపించకూడదు.

దీనికి రుజువు కూడా ఆ సీరియల్‌లోనే ఉంది. ఎట్టకేలకు అనుమానం తీరింది. ఇక మోనిత కడుపులో బిడ్డ అంటూ ఇంకో ముడి వేశారు. 2022లో దీపని, డాక్టర్ బాబు కార్తీక్‌ని ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లని చేసి వేరే కథ నడిపారు. అభిమానులకి అన్నిటికంటే కోపం తెప్పించింది ఆ మలుపే. ఇన్నేళ్లు ఎదురుచూసిన జంటకి నాలుగు రోజుల సంసారం కూడా చూపించకుండా ఫోటోలకి దండలు వేశారు. జనం చూడటం తగ్గించారు. కొన్ని నెలలకే దీప కోమాలోంచి లేచింది, డాక్టర్ బాబు గతం మరిచిపోయి తిరిగొచ్చాడు. 2023 జనవరిలో కథ ముగిసింది. చూసేవాళ్లు వద్దంటే చచ్చిపోయినవాళ్లని కూడా వెనక్కి తెచ్చారంటే, దీప ఎన్నేళ్లు బాధపడాలో తేల్చింది ఎవరు? మీ అత్తయ్య గారిలాంటివాళ్లు రోజూ చూసి తేల్చారు. అంత శక్తి ఉన్న ప్రేక్షకురాలు ఆవిడ. ఈ సంగతి చెబితే ఆవిడ చిన్నబుచ్చుకోరు, గర్వపడతారనే నా నమ్మకం.

ఇప్పుడు ఆవిడ వైపు నుంచి కూడా కాసేపు చూద్దాం. ఓర్పు అన్న మాట ఆవిడకి సీరియల్ నేర్పింది కాదు. దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ వచ్చే రోజుల నాటికి ఆవిడ కోడలిగా ఉండుంటారు. ఆ రోజుల్లో ఇంటి కోడలు టీవీ ముందు కూర్చోవాలంటే ముందు అంట్లు తోమాలి, మామగారు వార్తలు చూడటం అయిపోవాలి, గుమ్మం పక్కన సగం నిలబడి సగం కూర్చుని చూడాలి. ఆ తర్వాత జెమినీలో 2003లో ‘చక్రవాకం’, 2008లో ‘మొగలిరేకులు’ వచ్చాయి. అవి మొదలై అయిపోయేలోపు ఆవిడ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆవిడ ఎన్ని మింగారో, ఎన్నింటికి నోరెత్తలేదో మీకెవరూ చెప్పి ఉండరు. దీప ఓర్పుని పొగిడినప్పుడల్లా ఆవిడ తన ఓర్పుని ఎవరైనా గుర్తించాలని అడుగుతున్నారేమోనని నాకనిపిస్తోంది. ఒకసారి అడగండి. “అత్తయ్య గారూ, మీ అత్తగారి హయాంలో మీకు టీవీ చూడనిచ్చేవారా?” అని మొదలుపెట్టండి. వాదించకండి, వినండి. ఆ సాయంత్రం పూతరేకుల మాట ఎత్తకండి.

ఇంకో రోజు దీప అత్తగారు సౌందర్య గురించి అడగండి. నా లెక్కలో ఆ సీరియల్ మొత్తంలో బాగా రాసిన పాత్ర సౌందర్యదే. అర్చనా అనంత్ దాన్ని ఎంతో హుందాగా నిలబెట్టింది. కోడలి రంగు చూసి మొదట ఛీ అన్న మనిషి. పుట్టిన బిడ్డల్లో ఒకరిని తల్లికి తెలియకుండా తీసుకెళ్లిన మనిషి. అలాంటిది కోడలు ఏమిటో తెలిశాక కన్నకొడుకుని నిలదీసి కోడలి పక్కన నిలబడుతుంది. దీప గెలిచిందంటే సగం ఆ అత్త వల్లే. మన వైపు ఆడవాళ్లు, ముఖ్యంగా కోడళ్లున్నవాళ్లు, సౌందర్య కొడుకుని గద్దించే సీన్లకి ఎలా మురిసిపోయేవారో నేను చూశాను. మీ అత్తయ్య గారు కూడా మురిసే ఉంటారు. “సౌందర్య మారకపోయుంటే దీప ఏమయ్యేదంటారు?” అని ఆవిడనే చెప్పనివ్వండి. ఇన్నాళ్లూ ఆవిడ మీకు దీప వేషం ఇస్తున్నారు. తనకి ఏ వేషం ఉందో ఆవిడకి ఇంకా తట్టలేదు.

నలుగురూ ఏమనుకుంటారన్న దానికి జవాబు రోజూ మీ అరుగు మీదే కూర్చుంటోంది. ఆ నలుగురూ ఎవరమ్మా? వంటలక్క రుబ్బురోలు ముందు కూర్చుంటే చేతులు జోడించిన ఆ పక్కింటివాళ్లే కదా! ఊళ్లో చెయ్యి తిరిగిన ఆడదాన్ని మెచ్చుకోవాలంటే “వంటలక్క” అన్న మాట మన నోళ్లలో స్థిరపడిపోయింది. టీవీలో దీప గరిటె పట్టి బతికితే గౌరవం, మీరు కుండ పెట్టుకుంటే పరువు తక్కువ ఎలా అవుతుంది? ఈ గోదావరి గట్ల మీద ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేతులతో సంపాదించడం కొత్త కాదు. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లి వందేళ్లకు పైగా ఇళ్లు నిలబెట్టారు. మీ పుట్టింటి ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తింపు తెచ్చిపెట్టింది ఎవరు? కొబ్బరాకు మంట సెగ ముందు కూర్చుని, బోర్లించిన కుండ మీద పిండి గుడ్డ ఒక్క లాగు లాగి, కాగితం కంటే పల్చటి రేకు తీసిన మీలాంటి ఆడవాళ్లు. ఆ విద్య మీ చేతిలో ఉంది. రేకు తీయడం ఒకరు చూసి నేర్చుకునేది కాదని ఆత్రేయపురం పిల్లవి, నీకు నేను చెప్పాలా!

పని ఎలా మొదలుపెట్టాలో రెండు మాటలు. మొదట అమ్మకానికి తీయకండి. శుక్రవారమో, ఏదైనా పండగనాడో ఇంట్లో రేకులు తీసి, బెల్లం తురుము, నెయ్యి వేసి చుట్టి, అరుగు మీద సీరియల్ చూసేవాళ్లందరికీ అత్తయ్య గారి చేతే పంచిపెట్టించండి. పొగడ్త ఆవిడ చెవిన పడాలి. ఆ నలుగురిలో ఒకరు తప్పకుండా “మా అమ్మాయి సీమంతానికి చేసిస్తావా?” అని అడుగుతారు. డబ్బు మాట ఆవిడ ఎదుటే వస్తే ఆవిడే మాట్లాడతారు. లెక్క పుస్తకం ఆవిడ దగ్గరే ఉంచమనండి, పెత్తనం పోతుందన్న దిగులు ఉండదు. నలుగురికీ అమ్మే స్థాయికి వచ్చాక ఆహార భద్రతా సంస్థలో చిన్న వ్యాపారాలకి ఉండే రిజిస్ట్రేషన్ చేయించుకోండి. మీరు డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి అప్పు బయటి వడ్డీ కంటే మేలు. సెగ దగ్గర పని కాబట్టి పాప బడికి వెళ్లిన వేళలోనే పెట్టుకోండి.

ఈ విషయంలో మీ ఆయన ఏమంటున్నారో మీరు ఒక్క ముక్కా రాయలేదు. అది నాకు కాస్త లోటుగా కనిపించింది. ఆయనకి అసలు ఈ ఆలోచన తెలుసా? ఫోన్‌లో అత్తయ్య గారి నోటి నుంచి తెలిసేలోపే మీరే చెప్పండి. డాక్టర్ బాబు కథ అన్నేళ్లు నడవడానికి కారణం భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని పూర్తిగా మాట్లాడుకోకపోవడమే కదా. మీ ఇద్దరి మధ్యా సముద్రం ఉంది, కాబట్టి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాలి. ఆయన సరేనంటే ఆ మాట స్పీకర్‌లో, అత్తయ్య గారి ఎదుటే అనిపించండి.

ఇవన్నీ చేశాక కూడా ఆవిడ వద్దనే అంటే? అప్పుడు వాళ్లు ఒప్పుకునేదాకా ఏళ్లకేళ్లు కూర్చోమని నేను చెప్పను. ఒక రెండు మూడు నెలలు చూడండి. తర్వాత వారానికి రెండు రోజులు రావులపాలెం మీదుగా పుట్టింటికి వెళ్లి, అమ్మ పక్కన కుండ పెట్టుకోండి. అత్తయ్య గారికి చెప్పే వెళ్లండి, దాచొద్దు. సాయంత్రానికి ఇంటికొచ్చి, మామూలుగానే ఆవిడ పక్కన కూర్చుని సీరియల్ చూడండి. మోనితని ఇద్దరూ కలిసే తిట్టుకోండి. మొదటి నెల డబ్బులొచ్చాక ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.